ఉడకబెట్టమని చెప్పింది నేనే

ధర్మవరంలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో ఇరవై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేశాను. మాది గోరంట్ల వైపు పల్లె. వాన పడితే వేరుశనగ వేయడం, పడకపోతే మబ్బు వైపు చూస్తూ కూర్చోవడం తప్ప మూడో పని తెలియని మెట్ట రైతుల ఇల్లు. ఆ ఇంట్లోంచి చదువుకని బయటపడిన మొదటి ఆడపిల్లను నేను. అందుకని నాకు కొంచెం పొగరెక్కువ. నోరు ఇంకా ఎక్కువ. కాన్పు నొప్పులతో కేకలు పెట్టేవాళ్లను, మందులు మధ్యలో మానేసి మళ్లీ వచ్చేవాళ్లను, పెళ్లాన్ని ఆలస్యంగా తీసుకొచ్చే మొగుళ్లను, ఎవరినీ వదిలేదాన్ని కాదు. డాక్టరమ్మ కంటే నాకే ఎక్కువ భయపడతారని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. అది విని లోపల సంతోషపడేదాన్ని కూడా. నోరు తెరవాల్సిన నాలుగైదు చోట్ల మాత్రం తెరవలేదు. దానివల్ల ఒక మనిషి ప్రాణం పోయింది. ఇది రాస్తున్నది అందుకే.

ఆమె రంగులు వేసేవాళ్ల ఇంటి కోడలు. ముప్పై ఐదేళ్లు ఉంటాయేమో. ఇద్దరు ఆడపిల్లలు. ధర్మవరం అంటే అందరికీ మగ్గాలు గుర్తొస్తాయి కానీ, మగ్గం ఎక్కడానికి ముందు పట్టుకు చాలా సేవ జరగాలి. పచ్చిపట్టుకు ఒక బంక ఉంటుంది. సబ్బు, చాకలి సోడా వేసిన నీళ్లలో బాగా మరగబెడితే ఆ బంక వదిలి, నూలు మెత్తబడి, మెరుపు తేలుతుంది. ఆ తర్వాతే రంగు. వాళ్ల పెరట్లో పెద్ద గంగాళం ఉండేది. రంగులు కలిపేది, ముంచేది భర్త. గంగాళం కింద మంట చూసుకునేది, కర్రతో నూలు కట్టలు తిప్పేది ఆమె. పెళ్లయిన మర్నాటి నుంచీ అదే పని.

ఆ ఇంట్లో ఏది శుద్ధి కావాలన్నా గంగాళమే. బాలింత పక్కబట్టలు, జబ్బుపడి లేచినవాళ్ల దుప్పట్లు, చివరికి పిల్లల పాలగ్లాసులు కూడా సోడా నీళ్లలో ఒక ఉడుకు ఉడకాల్సిందే. ఆ తర్వాత ఇంక దానికి పేరు పెట్టడానికి లేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. వరుసగా వానలు లేవు. బోర్లు ఎండిపోయాయి. వాళ్ల వీధికి ట్యాంకరు ఎప్పుడో ఒకసారి వచ్చేది, బిందెలు అత్త పర్యవేక్షణలో ఉండేవి. ఆ ముసలామెను తప్పు పట్టను. నీళ్లు చూసుకోకపోతే పని ఆగిపోతుంది, పని ఆగితే ఇల్లు ఆగిపోతుంది. అందుకని గంగాళంలో నీళ్లు పారబోసేవాళ్లు కాదు. పొద్దున మరిగిన నీళ్లలోనే ఇంకాస్త సోడా వేసి మధ్యాహ్నం ఇంకో కట్ట దించేవాళ్లు. జాడించడానికి ఇచ్చే నీళ్లు పట్టుకు ముందు, మనుషులకు తర్వాత.

ఆమె భర్త నాకు ముందునుంచీ తెలుసు. నలభై రాకముందే సుగరు పట్టుకుంది. నెలకొకసారి రక్తం చూపించుకోవడానికి వచ్చేవాడు. మెత్తటి మనిషి. గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు. ఒకసారి డాక్టరమ్మ గదిలోకి వెళ్లి, ఏదో అడగాలని వెళ్లి, అడగకుండానే బయటికి వచ్చాడు. సుగరున్న మగవాళ్లు అట్లా వెళ్లి ఇట్లా వస్తే ఏం అడగాలనుకున్నారో నర్సులకు తెలుస్తుంది. తెలిసి కూడా ఊరుకుంటాం. నేనూ ఊరుకున్నాను.

ఒక ఎండాకాలం ఆమె ఒంటరిగా వచ్చింది. ఓపీ అంతా అయిపోయేదాకా బెంచీ చివర కూర్చుంది. డాక్టరమ్మ భోజనానికి వెళ్లాక లేచి, ఇంజెక్షన్ల గదిలోకి నా వెనకే వచ్చింది. సంచిలో చెయ్యి పెట్టుకొని నిలబడింది. ఏమ్మే, ఏం కావల్ల అని నా మామూలు గొంతుతోనే అడిగాను.

"అక్కా, రబ్బరుది ఒక వస్తువు ఉండాది. మా ఆయన బెంగుళూరునుంచి తెచ్చినాడు. ఆడోళ్లు వాడుకునేది. దాన్ని యెట్ల కడగల్లో తెలీదు. నీళ్లు పోసి కడిగితే సాలునా అని అడిగిపోదామని వచ్చినా."

మగతనానికి బదులు వాడే రబ్బరు బొమ్మ అని నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక ఒళ్లంతా వేడెక్కింది. వందల కాన్పులు చేసినదాన్ని, ఆడవాళ్ల ఒంట్లో నేను చూడనిది లేదు, అయినా ఆ మాటకు సిగ్గుతో చచ్చాను. ఆ సిగ్గు వెంటనే కోపమైంది. సంచిలోంచి ఆమె చెయ్యి బయటికి రాబోతుంటే, తీయొద్దు తీయొద్దు అని గద్దించాను. తలుపు వైపు చూశాను. ఎవరైనా వింటే నా మర్యాద ఏం కాను అనుకున్నాను. ఆమె మర్యాద నాకు తట్టనే లేదు.

ఆ రోజుల్లో మా ఆసుపత్రిలో రబ్బరు గ్లౌజులు ఒకసారి వాడి పారేసేవి కావు. కడిగి, స్టెరిలైజరులో ఉడకబెట్టి, ఆరబెట్టి, పౌడరు చల్లి మళ్లీ వాడేవాళ్లం. రబ్బరు గొట్టాలూ అంతే. రోజూ పొద్దున్నే నా పని అదే. నోటికి అదే వచ్చింది.

"రబ్బరే గదా. ఉడకబెట్టు. మేము గ్లౌజులు ఉడకబెట్టల్యా, అట్లే. బాగా ఉడకల్ల. పో ఇంక."

ఆమె తలూపింది. ఎంతసేపు అని గానీ, దేంట్లో అని గానీ అడగలేదు. నా ముఖం అట్లా ఉండిందేమో. అడుగుతుందని ఎదురుచూడకుండా ట్రేలో సూదులు సర్దుకోవడం మొదలుపెట్టాను. వెళ్తూ వెళ్తూ, నీ పుణ్యమక్కా అంది.

ఒక్కసారి ఆ వస్తువును చూసి ఉంటే సరిపోయేది. ఏళ్ల తరబడి రబ్బరుతో పనిచేసిన చెయ్యి నాది. ముట్టుకుంటే అది ఆసుపత్రి రబ్బరు కాదని తెలిసేది. అది మెత్తగా, కొత్త బొమ్మల్లాగా నూనె వాసన వేసే చవకరకం ప్లాస్టిక్కు. వేడి తగిలితే కరుగుతుంది. కానీ నేను చూడలేదు.

తర్వాత ఏం జరిగిందో నాకు చాలా రోజులకు తెలిసింది. వంటింట్లో పొయ్యి దగ్గర అత్త ఉంటుంది. అక్కడ ఏ గిన్నె పెట్టినా ఏముందో చెప్పాలి. ఆ ఇంట్లో ఎవరూ అడగని మంట ఒక్కటే, పెరట్లో గంగాళం కింద ఉన్నది. ఆమె ఆ వస్తువును పాతగుడ్డలో చుట్టి, నూలు కట్టల మధ్య దించింది. నేను బాగా ఉడకాలన్నాను కాబట్టి సోడా ఇంకో గుప్పెడు వేసింది. జాడించడానికి ఒక చెంబుడు నీళ్లు మిగిలాయి. తడి ఆరకముందే, ఎవరి చెయ్యీ పడని చోటు అదొక్కటే కాబట్టి, ఖాళీ అయిన రంగుపొడి డబ్బాలో పెట్టి మూత బిగించింది. ఇట్లా మూడుసార్లు.

నెల తిరిగేలోపు మళ్లీ వచ్చింది. ఈసారి అత్తతో. కడుపు కింద నొప్పి, తెల్లబట్ట, మంట, రెండు రోజులుగా జ్వరం. డాక్టరమ్మ పరీక్ష చేస్తుంటే పక్కన లైటు పట్టుకొని నిలబడ్డాను. లోపల పుండ్లు ఉన్నాయి. వాటిమీద ఊదారంగు మరక.

అప్పట్లో అట్లాంటి పుండ్లకు ఊదారంగు మందు పూయడం ఉండేది. చిన్న చిన్న ఊళ్లలో ఆరెంపీలు కూడా పూసేవాళ్లు. డాక్టరమ్మ అదే అనుకుంది. ఈ మందు ఎక్కడ వేయించుకున్నావని అడిగింది. ఆమె తల తిప్పి నా వైపు చూసింది. అడ్డంగా కట్టిన తెర అవతల అత్త దగ్గు వినిపిస్తోంది. ఆమె మెల్లగా, మా వీధిలో ఆరెంపీ దగ్గర అని చెప్పింది. ఆ చూపును బట్టే అది అబద్ధమని నాకు తెలిసింది. ఎందుకు చెప్పిందో కూడా తెలుసు. నేను లైటు అట్లాగే పట్టుకొని నిలబడ్డాను.

అత్తను ఏదో వంకతో బయటికి పంపి ఉండవచ్చు. డాక్టరమ్మను పక్కకు పిలిచి ఉండవచ్చు. ఇంత నోరున్న దాన్ని, ముసలామెను బయటికి పంపడం నాకొక లెక్క కాదు. కానీ చెప్పాలంటే, ఈమె నెల కిందట నన్ను అడిగింది, నేను ఇట్లా చెప్పాను అని మొదలుపెట్టాలి. ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. డాక్టరమ్మ మామూలు తెల్లబట్టకు ఇచ్చే మాత్రలు రాసింది. మందు పూశారు కాబట్టి తగ్గుతుందిలే అంది. ఆమె చీర సర్దుకుంటూ మళ్లీ ఒకసారి నన్ను చూసింది. నేను కళ్లు దించుకున్నాను.

ఆరేడు రోజుల తర్వాత మిట్టమధ్యాహ్నం భర్త ఆమెను రిక్షాలో తీసుకొచ్చాడు. కళ్లు లోపలికి పోయాయి. చేతులు చల్లగా, ఒళ్లు కాలిపోతూ ఉంది. డాక్టరమ్మ నాడి చూసి, ఒక్క నిమిషం కూడా ఇక్కడ పెట్టుకోలేను, అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మంది. అద్దెజీపు పిలిచారు. సెలైన్ సీసా పట్టుకొని నేను వెనక ఎక్కాను. భర్త ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ఆమె తల నా ఒళ్లో ఉంది.

ఆ దారి నాకు ఇప్పటికీ గిట్టదు. రెండుపక్కలా ఎండిన చేలు, మధ్యలో గుంతల రోడ్డు, జీపు ఎగిరిపడినప్పుడల్లా ఆమె మూలుగు. రాప్తాడు దగ్గర హైవే ఎక్కాక కుదుపు తగ్గింది. అప్పుడు కళ్లు తెరిచింది. వంగమన్నట్టు సైగ చేసింది. వంగాను.

"నువ్వు చెప్పినట్లే చేసినా అక్కా. మూడు తూర్లు ఉడకబెట్టినా. సోడా గూడా ఎక్కువే యేసినా, బాగా శుద్ధి కావల్లని. యాడ తప్పు చేసినానో నాకి తెలడం లేదు."

ఏ సోడా అని అడిగాను. గంగాళం గురించి, నీళ్ల గురించి, డబ్బా గురించి ముక్కలు ముక్కలుగా చెప్పింది. నొప్పి మొదలైనాక కూడా, సరిగ్గా శుద్ధి కాలేదేమో అనుకొని మళ్లీ ఉడకబెట్టిందట. నువ్వేం తప్పు చేయలేదు మే, తప్పు నాది అనాలి. ఆమె ఎదురుచూసిన మాట అదొక్కటే. ముందు సీట్లో భర్త వెనక్కి తిరిగి చూస్తున్నాడు. నేను ఆమె నుదురు తుడిచి, మాట్లాడొద్దు, అలిసిపోతావు అన్నాను.

పెద్దాసుపత్రిలో డాక్టరుకు మాత్రం చెప్పాను. ఇట్లాంటి వస్తువు వాడింది, సోడాలో ఉడకబెట్టింది, పుండ్లు అందుకే అని. ఆయన ముఖం చిట్లించలేదు, నవ్వలేదు. ఈ మాట వారం ముందు తెలిసుంటే వేరేగా ఉండేది అన్నాడు. విషం రక్తంలోకి ఎక్కేసింది. భర్తను పక్కకు పిలిచి, ఆ వస్తువు వల్లే పుండ్లయ్యాయని ఆయనే చెప్పాడు. మూడో రోజు పగలు పదకొండు గంటలప్పుడు ఆమె పోయింది.

ధర్మవరం తిరిగొచ్చాక డాక్టరమ్మకూ చెప్పక తప్పలేదు. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. చేతికి దొరికిన పెన్ను టేబులు మీద విసిరింది.

"ఉడకబెట్టమని ఏ బుద్ధిలేని వాళ్లు చెప్పినారంట సిస్టర్?"

"తెలీదు మేడం" అన్నాను.

చావు ఇంట్లో జ్వరం వచ్చి పోయిందనే చెప్పుకున్నారు. ఇంకెవరికీ ఏ అనుమానమూ రాలేదు.

తర్వాత నేర్చుకున్నాను. అంతా అయిపోయాక నేర్చుకోవడం నాకు బాగా వచ్చు. ఎయిడ్స్ గురించి నర్సులకు శిక్షణ పెట్టినప్పుడు, పాఠం చెప్పడానికి వచ్చిన పెద్దావిడను పక్కకు పిలిచి అడిగాను. నా ప్రశ్నకు ఆమె కళ్లు కూడా పెద్దవి చేయలేదు. ధర ఎంతైనా సరే, గట్టి వాసన వేసేది, జిగురు జిగురుగా ఉండేది, ఒంట్లోకి వెళ్లకూడదని చెప్పింది. గోరువెచ్చని నీళ్లు, ఘాటులేని సబ్బు చాలు. వాడకముందు ఒకసారి, వాడాక ఒకసారి. సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించాలి, నీళ్లు లేని ఊరైతే ఆ రోజుకు మానుకోవాలి కానీ సబ్బు మిగల్చకూడదు. పూర్తిగా ఆరాక శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి పెట్టాలి, డబ్బాల్లో తడితో మూసిపెట్టకూడదు. ఉడకబెట్టడం అన్నిటికీ పనికిరాదు, దేనితో చేశారో తెలియకపోతే అసలు వద్దు. నిరోధ్ తొడిగి వాడితే ఇంకా మేలు, అప్పుడు మాత్రం కొబ్బరినూనె రాయకూడదు, నిరోధ్ చినిగిపోతుంది. ఒకరిది ఇంకొకరు వాడకూడదు. గరుకుదేలినా, పగిలినా పారేయాలి. నొప్పి, రక్తం, జ్వరం ఏది వచ్చినా ఆపేసి డాక్టరు దగ్గరికి రావాలి, వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాలి.

ఇంతే. ఇంజెక్షన్ల గదిలో తలుపు వేసుకొని చెప్పడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. ఆ తర్వాత ఎవరు ఏది అడిగినా సిగ్గుపడకుండా చెప్పాను. అడగనివాళ్లను నేనే అడిగాను. గుత్తివంకాయ కూర ఎట్లా చేయాలో చెప్పినట్టు చెప్తావే అని తోటి నర్సులు నవ్వేవాళ్లు. నవ్వనీ. అయితే ఇదంతా చేసినందువల్ల నా మనసు తేలికపడలేదు. పడిందని చెప్తే అదొక అబద్ధం.

ఆమె పోయిన మూడో నెలలో భర్త వచ్చాడు. రక్తం చూపించుకోవడానికి కాదు. చేతిలో గుడ్డసంచి. ఆమె వచ్చినప్పటిలాగే ఓపీ అయిపోయేదాకా కూర్చున్నాడు. తర్వాత ఇంజెక్షన్ల గదిలోకి వచ్చి కూర్చొని, సంచిలోంచి రంగుపొడి డబ్బా తీసి నా ముందు పెట్టాడు. ఇంటి దగ్గర ఎక్కడ పారేసినా ఎవరో ఒకరు చూస్తారు, మీ ఆసుపత్రి చెత్త కాల్చే గుంతలో వేసేయమని అడిగాడు.

మూత తీశాను. ఈసారి చూశాను. అది డబ్బా గోడకు అంటుకుపోయి ఉంది. పైన తోలంతా గుంటలు గుంటలు పడింది. ఆ గుంటల నిండా ఊదారంగు, తెల్లటి సోడా పెచ్చు. వేలితో ముట్టుకుంటే వేలికి అంటింది. ఇట్లాంటిది ఆ మనిషి ఒంట్లోకి పోయింది. మూత పెట్టేశాను.

ఆయన నేలవైపు చూస్తూ మాట్లాడాడు. సుగరు వచ్చినప్పటి నుంచి తనకు చేతకావడం లేదని, ఆమె ఏ రోజూ ఒక్క మాట అనలేదని, అనకపోవడమే తనకు కష్టంగా ఉండేదని చెప్పాడు. రంగుపొడి కోసం బెంగుళూరు పోయినప్పుడు ఒక వీధిలో చూసి, రెండుసార్లు దాటిపోయి, మూడోసారి కొన్నాడట.

"మొదట చూసి నవ్వింది అక్కా. శానా దినాలకి నవ్వింది. ఇద్దరం నవ్వుకొన్యాం. అంత మంచి మనిషిని నా చేతులారా సంపుకొంటి. నువ్వు చెప్పు, నేను అది తేకపోయింటే బతికుండేది గదా?"

తేవడంలో నీ తప్పేం లేదన్నా, పెళ్లాం మీద ప్రేమతో తెచ్చినావు. కడగడం తప్పయింది, అట్లా కడగమని చెప్పింది నేను. ఆమె ఇక్కడికే వచ్చి, నువ్వు కూర్చున్న చోటే నిలబడి నన్ను అడిగింది. ఇవన్నీ నోటిదాకా వచ్చాయి. మాటలు కూడా వరుసగా పేర్చుకున్నాను. ఊళ్లో తెలుస్తుంది, ఉద్యోగం పోతుంది, మా ఇంట్లో నా జీతంమీద బతికేవాళ్లున్నారు అని కూడా అనుకున్నాను. ఆ కారణాలు నిజమే. కానీ అసలు కారణం అవి కాదు. ఆయన నన్ను అసహ్యంగా చూస్తాడని భయపడ్డాను, అంతే.

"అయిపోయినదాని గురించి ఇప్పుడెందుకన్నా. మాత్రలు సరిగ్గా ఏసుకో" అన్నాను.

ఆయన ఆ మాటను అవును అనే అర్థం చేసుకున్నాడు. ఎవరైనా అట్లాగే చేసుకుంటారు. అంతేలే అక్కా అని లేచాడు. డబ్బాను నేనే గుంతలో వేసి కాల్చాను. నల్లటి పొగ వచ్చింది.

ఆ తర్వాత ఆయన మా ఆసుపత్రికి రాలేదు. మాత్రలు మానేశాడని, రంగుల పని కూడా వేరేవాళ్లకు అప్పగించాడని విన్నాను. కాలిమీద చిన్న గాయమైంది. దాన్ని పట్టించుకోలేదు. అనంతపురంలో కాలు తీసేశారు. తీసినా నిలవలేదు. ఆమె పోయి అప్పటికి మూడేళ్లయినట్టుంది.

కర్మ అయిపోయాక పెద్దకూతురు అవ్వను తీసుకొని వచ్చింది, ముసలామెకు బీపీ చూపించడానికి. పద్దెనిమిదేళ్ల పిల్ల, తల్లి ముఖమే. అవ్వను లోపల కూర్చోబెట్టి నా దగ్గరికి వచ్చింది.

"సిస్టరమ్మా, మా నాయన పోయేముందర గూడా 'మీ అమ్మను నేనే సంపినా' అంటాండె. అవ్వకేమీ తెలీదు. మా నాయన మా అమ్మను ఒక దెబ్బ గూడా కొట్టలేదు. చెల్లెలు అప్పటినుంచి నాయన ఫోటోకి పూలు పెట్టడం లేదు, నిజంగానే ఏమన్నా చేసినాడేమో అని. అమ్మతో జీపులో పోయింది నువ్వే గదా. నీకేమన్నా తెలుసునా?"

ఆ పిల్ల కళ్లలోకే చూస్తూ తెలీదమ్మా అన్నాను. నమ్మింది.